ఇంట్లో మగ్గం ఉండగా ఇండోనేషియా దాకా పోవాలా?

ఈ వారం ఉత్తరం వరంగల్ కొత్తవాడ నుంచి వచ్చింది. రాసింది హనుమకొండలో బీఏ ఆఖరి సంవత్సరం చదువుతున్న అమ్మాయి, పేరు వేయవద్దన్నారు. తండ్రి దర్రీలు, అంటే నేల మీద పరిచే నూలు తివాచీలు, నేస్తారు. తల్లి కండెలు చుట్టి, తీరిక దొరికితే బ్లౌజులు కుడతారు. అన్నకు హైదరాబాద్‌లో చిన్న ప్రైవేటు ఉద్యోగం.

డిసెంబరులో ఒక సంస్థవాళ్లు కాలేజీకి వచ్చి, విదేశంలో ఒక ఇంట్లో ఉంటూ పని చేసి నేర్చుకునే కార్యక్రమం గురించి సెమినార్ పెట్టారట. ఈమె 2,500 రూపాయలు కట్టి దరఖాస్తు చేశారు. వీడియో కాల్‌లో పావుగంట మాట్లాడాక ‘మీరు ఎంపికయ్యారు’ అని మెయిల్ వచ్చింది. జూన్ 8 నుంచి జూలై 19 వరకు, ఆరు వారాలు, ఇండోనేషియాలోని యోగ్యకర్తలో. ఫీజు 1,45,000 రూపాయలు. విమానం టికెట్, వీసా, ఇన్సూరెన్స్ వేరు. సీటు ఉండాలంటే పది రోజుల్లో 40,000 కట్టాలి, అది తిరిగి రాదు. వారాల పట్టిక కూడా పంపారు: మొదటి వారం నగరంలో పరిచయాలు, భాష. రెండు, మూడు వారాలు పల్లెలో ఒక కుటుంబంతో ఉండి బాటిక్ నేర్చుకోవడం. నాలుగు, ఐదు వారాలు ఊరి బడిలో పిల్లలకు ఇంగ్లీషు చెప్పడం. ఆరో వారం బాలి యాత్ర, సర్టిఫికెట్లు. ‘మూడు అంతర్జాతీయ క్రెడిట్లు’ వస్తాయన్నారు. వీసా సంగతి అడిగితే ‘దిగాక వీసా ఆన్ అరైవల్ తీసుకోండి, అడిగితే చూడటానికి వచ్చామని చెప్పండి’ అన్నారట.

ఇంట్లో తలో మాట. అన్న 14 శాతం వడ్డీకి 2 లక్షల పర్సనల్ లోన్ తీస్తానంటున్నాడు. ఆడపిల్లను అంత దూరం ఎవరి చేతిలో పెట్టాలని అమ్మ దిగులు. ఇక బాపు, అంటే తండ్రి, చెప్పిన మాట ఉత్తరంలో ఉన్నది ఉన్నట్టే రాశారు: “బట్ట నేసుడు చూడనీకి గంత దూరం పోవాల్నా బిడ్డా? మనింట్ల మగ్గం లేదా?” ఈమెకేమో దర్రీలకు కొత్త డిజైన్లు తెచ్చి ఆన్‌లైన్‌లో అమ్మాలని, సామాజిక సేవలో పీజీ అయిన ఎంఎస్‌డబ్ల్యూ కూడా చదవాలని ఉంది. అందుకు సీపీగెట్ అనే పీజీ ప్రవేశ పరీక్ష రాయాలి. పాస్‌పోర్టు ఇంకా లేదు. ఇంట్లో కోడికూర తింటారు, బీఫ్ తినరు. చివర్లో ఒక వాక్యం: ‘నేను తెలుగు మీడియం. ఇంగ్లీషు తడబడుతుంది. నాలాంటిది వెళ్లొచ్చా?’

అమ్మా, ఆ చివరి ప్రశ్నకు చివర్లోనే వస్తాను. ముందు మీ బాపు ప్రశ్న తీసుకుందాం. ఆయన అడ్డు చెబుతున్నారని మీరు బాధపడ్డారు కానీ, ఈ వ్యవహారం మొత్తంలో ఎవరైనా అడిగిన మంచి ప్రశ్న అదే. ‘చూడనీకి’ అన్నారు చూడండి, ఆ మాటను పట్టుకోండి. చూసి రావడానికైతే అంత దూరం, అంత ఖర్చు అక్కర్లేదు. కూర్చుని చేయడానికైతే ఆలోచించవచ్చు. కాబట్టి వాళ్లు పంపిన పట్టికలో మీరు చూసే రోజులెన్ని, చేసే రోజులెన్ని అని లెక్క తీయాలి.

ఆ లెక్కలో మొదటి వారం అలవాటు పడటానికే పోతుంది, అది తప్పదు. ఆరో వారం విహారయాత్ర. నాలుగు, ఐదు వారాల బడి సంగతి ఇంకాసేపట్లో చెబుతాను. మిగిలింది బాటిక్ నేర్చుకునే రెండు వారాలు.

ఆ రెండు వారాల్లో ఏం వస్తుందో మగ్గం ఇంట్లో పుట్టిన మీకు చెబితే వెంటనే అర్థమవుతుంది. బాటిక్‌లో గుడ్డ మీద కరిగించిన మైనంతో గీత గీస్తారు. మైనం ఉన్న చోట రంగు పట్టదు. గీసే పరికరాన్ని చాంటింగ్ అంటారు, సన్నని రాగి ముక్కు ఉన్న చిన్న గిన్నెకు పిడి తగిలించినట్టుంటుంది. కష్టమంతా మైనం వేడిలోనే ఉంది. వేడి తక్కువైతే మైనం దారంలోకి దిగకుండా పైపైన గడ్డకడుతుంది, రంగులో ముంచగానే దాని కిందికి రంగు పాకి గీత చెరిగిపోతుంది. వేడి ఎక్కువైతే గీత సన్నగా నిలవక పరుచుకుంటుంది. ఆ వేడి చేతికి తెలియడానికే నాలుగైదు రోజులు పోతాయి. తర్వాత రంగు ముంచడం, ఆరబెట్టడం, మరుగుతున్న నీళ్లలో వేసి మైనం వదిలించడం, రెండో రంగుకు మళ్లీ మైనం పెట్టడం. చేత్తో గీసిన మంచి చీరంత గుడ్డకు నెలలు పడతాయి. రెండు వారాల్లో మీ చేతికి రాగలిగేది నాలుగైదు రుమాళ్లు, కుదిరితే ఒక స్టోల్. చేయి అప్పుడప్పుడే దారిలో పడుతుండగా ఈ పట్టిక మిమ్మల్ని లేపి బడికి పంపుతోంది.

చోటును మాత్రం తప్పు పట్టలేను. ఇండోనేషియా బాటిక్‌ను యునెస్కో 2009లో గుర్తించింది. యోగ్యకర్తకు 2014లో ప్రపంచ చేతివృత్తుల మండలి ప్రపంచ బాటిక్ నగరమని పేరిచ్చింది. దక్షిణాన బంతుల్ జిల్లాలోని గిరిలోయోలో ఆడవాళ్లు ఇళ్లలోనే ఈ పని చేస్తారు. 2006 భూకంపంలో ఆ ప్రాంతం బాగా దెబ్బతింది, ఆ తర్వాతే అక్కడి ఆడవాళ్లు గుంపులుగా కలిసి తమ గుడ్డను తామే అమ్ముకోవడం నేర్చుకున్నారు. దర్రీని దళారి చేతుల్లోంచి తప్పించి అమ్మాలనుకుంటున్న మీకు చాంటింగ్ పట్టడం కన్నా ఆ అమ్మకం లెక్కలే ఎక్కువ పనికొస్తాయని నా నమ్మకం.

బ్రోషర్‌లో లేనిది ఇంకొకటి ఉంది. యోగ్యకర్త పక్కనే క్లాటెన్ జిల్లాలో, పెడాన్ చుట్టుపక్కల, లురిక్ అనే చారల గుడ్డను ఇప్పటికీ చేతి మగ్గాల మీద నేస్తారు. బాటిక్ మీకు కొత్త విద్య, లురిక్ మీ విద్యకు చుట్టం. పడుగు (నిలువు దారం), పేక (అడ్డ దారం) అంటే ఏమిటో మీకు ఎవరూ చెప్పనక్కర్లేదు కాబట్టి మొదటి రోజే మగ్గం మీద కూర్చోగలరు. మన పోచంపల్లి ‘ఇక్కత్’ అనే మాట కూడా ఆ దేశపుదే, కట్టడం అని అర్థం. బాలిలో తెంగనాన్ అనే ఊళ్లో పడుగు, పేక రెండింటినీ ముందే కట్టి రంగు వేసి నేసే గెరింగ్సింగ్ గుడ్డ ఉంది. ఆ జంట పని మన పుట్టపాక తేలియా రుమాలులో కూడా ఉంది. ఆరో వారం ఎలాగూ బాలి తీసుకెళ్తున్నారు కనుక, సముద్రతీరం తగ్గించి తెంగనాన్‌లో ఒక రోజు ఇవ్వమని అడగండి.

ఇప్పుడు బడి. ఇండోనేషియాలో కొత్త విద్యా సంవత్సరం జూలై మధ్యలో మొదలవుతుంది. జూన్ చివర నుంచి అప్పటిదాకా బళ్లకు పెద్ద సెలవులు. మీ పట్టికలో నాలుగు, ఐదు వారాలంటే జూన్ 29 నుంచి జూలై 12. బడికి తాళం వేసి ఉండే రోజుల్లో ఎవరికి చెబుతారు? పాత పట్టికను తేదీలు మార్చి పంపారో, ఊరి పిల్లల్ని ఒకచోట కూర్చోబెట్టి ఫొటోలు తీయించే ఆలోచనో తెలియదు. ఏదైనా సరే, ఏ బడి, పిల్లలెందరు, అక్కడి టీచర్ ఎవరు అని రాతపూర్వకంగా అడగండి. సెలవులు లేకపోయినా నేను దీన్ని ఒప్పుకోను. రెండు వారాలకోసారి ఒక కొత్త అక్క వచ్చి ఏబీసీడీలు మొదటి నుంచి చెప్పి వెళ్తుంటే ఆ పిల్లలకు దక్కేదేమీ లేదు. అనాథాశ్రమాలకు తీసుకెళ్లే కార్యక్రమాల్లో ఇంతకన్నా దారుణం జరుగుతుంది. కంబోడియాలో తల్లో తండ్రో బతికున్న పిల్లల్ని కూడా సందర్శకుల విరాళాల కోసం ఆశ్రమాల్లో ఉంచిన సంగతి చాలా కాలంగా తెలిసిందే. ఆ రెండు వారాల స్థానంలో లురిక్ మగ్గమో, బాటిక్ కొనసాగింపో పెట్టమనండి. పెడితే కార్యక్రమం రూపమే మారిపోతుంది, చేసే రోజులు రెండు వారాల నుంచి నాలుగు వారాలవుతాయి.

వీసా విషయంలో మాత్రం మెత్తగా చెప్పలేను. వీసా ఆన్ అరైవల్‌కు 5 లక్షల రుపయా కట్టాలి, మన లెక్కలో సుమారు 2,700 రూపాయలు. 30 రోజులు ఉండనిస్తుంది, ఒక్కసారి మరో 30 రోజులు పొడిగించుకోవచ్చు, దానికి మళ్లీ అంతే రుసుము, ఇమిగ్రేషన్ ఆఫీసుకు స్వయంగా వెళ్లాలి. మీవి 42 రోజులు కనుక రోజుల లెక్క సరిపోతుంది. చిక్కంతా పనితోనే. ఆ వీసా యాత్రకు, చుట్టపు చూపుకు, సమావేశాలకు. బడిలో పాఠం చెప్పడం జీతం లేకపోయినా దాని కిందికి రాదు, ఫీజు కట్టి శిక్షణ పొందడానికి వేరే తరహా వీసాలున్నాయి. అక్కడి విశ్వవిద్యాలయమో, నమోదైన సంస్థో స్పాన్సర్‌గా నిలబడి వాటిని ముందే ఇప్పించాలి. ‘చూడటానికి వచ్చామని చెప్పండి’ అన్నారంటే ఆ స్పాన్సర్ వాళ్ల దగ్గర లేనట్టే. తనిఖీలో దొరికితే వెనక్కి పంపేది మిమ్మల్నే, మళ్లీ రావద్దని పేరు ఎక్కేది మీ పాస్‌పోర్టు మీదే. ఆ తర్వాత ఏ దేశం వీసా ఫారం నింపినా ‘ఎప్పుడైనా దేశం నుంచి పంపించివేశారా’ అన్న ప్రశ్న దగ్గర మీ కలం ఆగుతుంది. గడువు దాటి ఉంటే రోజుకు 10 లక్షల రుపయా జరిమానా, అంటే రోజుకు 5,400 రూపాయల దాకా. మిగతావన్నీ బేరమాడుకోవచ్చు గానీ సరైన వీసాకు స్పాన్సర్ లేఖ ఇవ్వమంటే కుదరదన్నవాళ్లతో వెళ్లవద్దు.

డబ్బు సంగతికి వద్దాం. మీరు ‘మొత్తం రెండు లక్షల లోపే’ అని రాశారు. ఫీజు 1,45,000. హైదరాబాద్ నుంచి యోగ్యకర్తకు నేరుగా విమానం లేదు, కౌలాలంపూర్ మీదుగానో సింగపూర్ మీదుగానో పోవాలి, రానూపోనూ సుమారు 40 వేలు వేసుకోండి. వీసా, పొడిగింపు, పాస్‌పోర్టు, ఇన్సూరెన్స్ కలిపి 10 వేలు దాటతాయి. చేతిఖర్చు 20 వేలు. 2,15,000 అయింది. అన్న తెచ్చే 2 లక్షల లోన్‌కు 14 శాతం మీద రెండేళ్ల వాయిదా అంటే నెలకు 9,600, వడ్డీయే 30 వేలు. బ్యాంకుల విద్యా రుణం ఇలాంటి డిగ్రీ కాని చిన్న కార్యక్రమాలకు మామూలుగా రాదు. మన రాష్ట్రంలోని ఓవర్సీస్ విద్యానిధి 20 లక్షల సాయం కూడా విదేశంలో పీజీ, ఆపై చదువులకే.

అదే ఊళ్లో ఉండటానికి నిజంగా ఎంతవుతుందో చూస్తే బేరానికి మీకు ధైర్యం వస్తుంది. యోగ్యకర్తలో విద్యార్థులు ఉండే అద్దె గదిని కోస్ అంటారు. మామూలుది నెలకు 10 నుంచి 15 లక్షల రుపయా, అంటే 5,500 నుంచి 8,000 రూపాయలు. వారుంగ్ అనే చిన్న హోటల్లో ఒక పూట తిండి వంద రూపాయల లోపు. ఆరు వారాల గది, తిండి కలిపి 25 వేలు. అలాగని మిగతా లక్షా ఇరవై వేలూ దోపిడీ అనను. నేర్పేవాళ్ల కూలి, మైనం, గుడ్డ, రంగులు, బండ్లు, అర్ధరాత్రి ఫోన్ ఎత్తే మనిషి, వీటికి ఖర్చుంటుంది. ఏది ఎంతో చెప్పమని అడగండి. ముఖ్యంగా మీరు ఉండే ఇంటి ఇల్లాలికి రోజుకు ఎంత ఇస్తున్నారు, బాటిక్ నేర్పే ఆమెకు ఎంత ఇస్తున్నారు? ఈ రెండూ తడుముకోకుండా చెప్పే సంస్థ సాధారణంగా మిగతా విషయాల్లోనూ సరిగానే ఉంటుంది. బిల్లు ఏ పేరుతో ఇస్తారో కూడా అడగండి. టూర్ ప్యాకేజీగా రాస్తే మొదటి రూపాయి నుంచే టీసీఎస్ అనే పన్నును ముందుగా పట్టుకుంటారు. ఆదాయపు పన్ను రిటర్న్ వేస్తే తిరిగి వస్తుంది కానీ అప్పటిదాకా ఆ డబ్బు మీ చేతిలో ఉండదు.

పది రోజుల గడువు వాళ్లది, మీది కాదు. జూన్ కార్యక్రమానికి ఇప్పుడే 40 వేలు, అదీ తిరిగి ఇవ్వం అంటున్నారంటే మీరు నాలుగు షరతులు రాయించుకోవాలి. వీసా రాకపోతే మొత్తం వెనక్కి ఇవ్వాలి. బ్యాచ్ నిండక వాళ్లే రద్దు చేస్తే మొత్తం వెనక్కి. 60 రోజుల ముందు మీరు మానుకుంటే కొంతైనా వెనక్కి. నాలుగోది మీకు అన్నిటికన్నా అవసరం: ఒకసారి పైసా కట్టకుండా వేరే బ్యాచ్‌కు మారే హక్కు. ఎందుకంటే సీపీగెట్ సాధారణంగా జూలై, ఆగస్టుల్లో జరుగుతుంది. తేదీ తెలిసేసరికి మీరు డబ్బు కట్టేసి ఉంటారు. పరీక్ష జూలై మొదటి పక్షంలో పడితే మీ ఎంఎస్‌డబ్ల్యూ ఒక ఏడాది వెనక్కి పోతుంది. ఇప్పటికే కట్టిన 2,500 కోసం మాత్రం ఏ నిర్ణయమూ తీసుకోకండి. అది పోయింది, దాన్ని నిలబెట్టడానికి రెండు లక్షలు పెట్టనక్కర్లేదు.

క్రెడిట్ల గురించి ఒక్క మాట చాలు. ఆరో సెమిస్టర్ పరీక్షలు రాసిన మీకు డిగ్రీకి కావలసిన క్రెడిట్లు అప్పటికే నిండిపోతాయి. బయటి క్రెడిట్లు లెక్కలోకి రావాలంటే అక్కడి విశ్వవిద్యాలయం ట్రాన్‌స్క్రిప్ట్ ఇవ్వాలి, మన విశ్వవిద్యాలయం ముందుగా ఒప్పుకోవాలి. మొదటి, రెండో సంవత్సరం పిల్లలకైతే అది అడగదగ్గ విషయం. మీకు ఆ మూడు క్రెడిట్లు ఎందుకూ పనికిరావు, ఫీజు లెక్కలో వాటిని సున్నా వేసుకోండి.

ఇంతా చూశాక మీ ముందు నాకు కనబడే దారులు ఇవి.

ఈ కార్యక్రమానికే వెళ్లవచ్చు, పైన చెప్పిన మార్పులు చేయించుకుని: సరైన వీసా, బడి స్థానంలో మగ్గం, డబ్బు షరతులు. మొదటిసారి దేశం దాటే మనిషికి వెంట ఒక బృందం, ఒక బాధ్యుడు ఉండటం చిన్న విషయం కాదు. కానీ అన్న నెత్తిన రెండేళ్ల వాయిదా పడుతుంది. నాలుగు వారాల పని దొరికితే ఆ బరువు మోయవచ్చని నా అభిప్రాయం. రెండు వారాలకైతే మోయవద్దు.

సంస్థ లేకుండా నేరుగా వెళ్లడం ఇంకో దారి. ఇండోనేషియా విశ్వవిద్యాలయాలు విదేశీయులకు తమ భాష నేర్పే కోర్సులను బీపా అంటాయి, యోగ్యకర్తలో అవి చాలా చోట్ల ఉన్నాయి. పొద్దున భాష, మధ్యాహ్నం మీరే మాట్లాడుకున్న బాటిక్ ఇంట్లో పని. ప్రవేశ లేఖ ఇచ్చే విశ్వవిద్యాలయమే వీసాకు ఆధారమవుతుంది. ఖర్చు బాగా తగ్గుతుంది. కానీ గది వెతుక్కోవడం, జ్వరమొస్తే ఆసుపత్రికి పోవడం, కాగితాలు చూసుకోవడం అన్నీ మీ మీదే. తోడుగా ఇంకో అమ్మాయి ఉంటేనే ఇది ఆలోచించండి.

ఖర్చు లేని దారులూ ఉన్నాయి, ఓపిక కావాలి. ఇండోనేషియా ప్రభుత్వానిదే దార్మసిస్వ అనే స్కాలర్‌షిప్ 1974 నుంచి ఉంది. డిగ్రీ కాదు, భాష, కళలు, చేతిపనులు నేర్చుకోవడానికే. నెలనెలా భత్యం ఇస్తారు, విమానం ఖర్చు మాత్రం మనదే అనుకుని సిద్ధపడాలి. ఆ దేశ విదేశాంగ శాఖ నడిపే కళా సంస్కృతి స్కాలర్‌షిప్ ఇంకొకటి ఉంది, బీఎస్‌బీఐ అంటారు, కొన్ని నెలలు అక్కడి కళాబృందాలతో ఉంచుతారు. రెండింటి ప్రకటనలూ ఢిల్లీలోని ఇండోనేషియా రాయబార కార్యాలయం పేజీలో చూస్తూ ఉండాలి. తైవాన్ విద్యాశాఖ నడిపే టీప్‌లో విశ్వవిద్యాలయాల్లో కొన్ని నెలల ఇంటర్న్‌షిప్‌లు దొరుకుతాయి. జపాన్ సకురా సైన్స్ కార్యక్రమం ఖర్చులన్నీ భరిస్తుంది గానీ మనంతట మనం దరఖాస్తు చేసేది కాదు, అక్కడి సంస్థ ఆహ్వానించాలి, అదీ ఎక్కువగా సైన్స్ వైపు పిల్లలకు. ఈ దారిలో పోతే ఏడాది ఆగాలి, వస్తుందన్న హామీ లేదు. సీపీగెట్ మాత్రం నిశ్చింతగా రాసుకోవచ్చు.

ఆ ఏడాదిని ఊరికే పోనివ్వకుండా చేసే పని కూడా మీ ఇంట్లోనే ఉంది. వరంగల్ దర్రీకి 2018లో జీఐ, అంటే భౌగోళిక గుర్తింపు, వచ్చింది. కొత్తవాడలో ఇంకా నేస్తున్న పెద్దల దగ్గర కూర్చుని ఏ డిజైన్‌ను ఏమంటారు, ఏ రంగు ఎక్కడిది, ఒక దర్రీకి నూలు ఎంత, కూలి ఎంత, దుకాణంలో ధర ఎంత అని ఇరవై దర్రీల లెక్క ఫొటోలతో రాయండి. నెలన్నర పని. ఏ స్కాలర్‌షిప్‌కు పంపినా ఎంపికచేసేవాళ్లు ముందు చూసేది ఇలాంటిదే. ఈ జూన్‌లోనే వెళ్లినా ఇది చేతిలో ఉంచుకుని వెళ్లండి. ‘మీ ఊళ్లో ఎలా నేస్తారు’ అని అక్కడివాళ్లు అడుగుతారు, చెప్పడానికి ఏమీ లేనివాళ్లకు వాళ్లు కూడా పైపైన చెప్పి ఊరుకుంటారు.

ఏ దారైనా పాస్‌పోర్టుకు ఇప్పుడే దరఖాస్తు చేయండి. వరంగల్ హెడ్ పోస్టాఫీసులోనే సేవా కేంద్రం ఉంది, మామూలు రుసుము 1,500. పదో తరగతి మెమోలో, ఆధార్‌లో మీ పేరు, బాపు పేరు ఒకే అక్షరాలతో ఉన్నాయో లేదో ముందు చూడండి. మన దగ్గర ఎక్కువగా ఆగిపోయేది అక్కడే, ఆధార్ సరిచేయించుకోవడానికే వారాలు పోతాయి. టికెట్ మాత్రం బ్యాచ్ ఖాయమయ్యాక, వీసా చేతికొచ్చాక కొనండి. రానూపోనూ అంతా ఒకే టికెట్ మీద ఉండాలి. చవకని రెండు వేరువేరు టికెట్లు కొంటే కౌలాలంపూర్‌లో సామాను తీసుకుని ఆ దేశంలోకి ప్రవేశించి మళ్లీ చెకిన్ చేయాలి, మొదటి విమానం ఆలస్యమైతే రెండోదాని డబ్బు పోయినట్టే.

అమ్మ భయానికి జవాబు ధైర్యం చెప్పడం వల్ల రాదు, వివరాల వల్ల వస్తుంది. ఉండబోయే ఇంట్లో ఆడవాళ్లెవరు, గదికి లోపల గడియ ఉందా, ఒక ఇంట్లో ఎందరు విద్యార్థులు, స్థానిక బాధ్యురాలి ఫోన్ ఏది, దగ్గరి ఆసుపత్రి ఎంత దూరం, ఇవన్నీ ఒక కాగితం మీద రాసి అమ్మ చేతిలో పెట్టండి. వెళ్లే ముందు విదేశాంగ శాఖ మదద్ పోర్టల్‌లో నమోదు చేసుకోండి. జకార్తాలో మన రాయబార కార్యాలయం నంబరు అన్న దగ్గర కూడా ఉండాలి. ఇన్సూరెన్స్‌లో భూకంపం, అగ్నిపర్వతం వల్ల ప్రయాణం ఆగితే వర్తిస్తుందో లేదో చూడండి, యోగ్యకర్తకు ఉత్తరాన ఉన్న మెరాపి 2010లో పెద్దగా పేలింది. అక్కడ అందరూ స్కూటీలు అద్దెకు తీసుకుంటారు, మీరు తీసుకోవద్దు. అక్కడ చెల్లే లైసెన్సు లేకుండా నడిపి పడితే ఇన్సూరెన్స్ ఇవ్వరు.

తిండి గురించి అమ్మ బెంగ పెట్టుకోనక్కర్లేదు, మీరే కొంచెం జాగ్రత్తపడాలి. అన్నమే ప్రధానం. టెంపే అనే పులియబెట్టిన సోయా ముద్ద, టోఫు ఎక్కడైనా దొరుకుతాయి. లేత పనసకాయను కొబ్బరిపాలలో వండే గుడెగ్ ఆ ఊరి వంట, మన నాలుకకు తియ్యగా తోస్తుంది. బక్సో అని బండ్ల మీద అమ్మే ఉండల సూప్ ఎక్కువగా బీఫ్‌తో చేస్తారు, రెండంగ్ కూడా. ‘సయా తిడాక్ మకాన్ దగింగ్ సపి’, నేను ఆవు మాంసం తినను అని అర్థం, ఈ ఒక్క వాక్యం కంఠతా పట్టండి. కారప్పచ్చళ్లలో తెరాసి అనే రొయ్యల ముద్ద కలుస్తుంది, పడనివాళ్లకు ముందే తెలియాలి. తెల్లవారుజామున అజాన్‌కు మెలకువ వస్తుంది, చెంబు నీళ్ల స్నానం మీకు కొత్త కాదు. రెండో వారం చివర ఇల్లు గుర్తొచ్చి ఏమీ తోచని రోజులొస్తాయి, అది దాదాపు అందరికీ వస్తుంది. ఆ రోజుల్లో గంటల తరబడి ఇంటికి వీడియో కాల్ చేస్తే ఇంకా లాగుతుంది. రోజుకు ఒక వేళ పెట్టుకుని పావుగంట మాట్లాడి, పని దగ్గరికి పోవాలి.

బాపుతో వాదించకండి. గత ఏడాది వెళ్లివచ్చిన ఇద్దరు అమ్మాయిల నంబర్లు, అక్కడ నేర్పేవాళ్లతో ఒక వీడియో కాల్, ఈ రెండూ సంస్థను అడగండి. కాల్‌లో బాపును మీ పక్కన కూర్చోబెట్టి ఆయన్నే ప్రశ్నలు అడగనివ్వండి. దారం ఎక్కడిది, రోజుకు ఎంత నేస్తారు, ఎంత గిట్టుతుంది అని ఆయన అడిగినట్టు మీరు గానీ నేను గానీ అడగలేం. ఆ నంబర్లే ఇవ్వలేమంటే ఈ కార్యక్రమం సంగతి అక్కడికి తేలిపోయినట్టే.

ఇక మీ తెలుగు మీడియం సంగతి. పల్లెలో బాటిక్ చేసే ఇల్లాలికి మీ ఇంగ్లీషు ఎంత బాగున్నా అక్కరకు రాదు, ఆమెకూ అది రాదు. ఇండోనేషియా భాష ఇంగ్లీషు లిపిలోనే ఉంటుంది, రాసినట్టే పలుకుతారు, క్రియకు కాలాన్ని బట్టి రూపం మారదు. బహాసా అంటే భాష, గురు అంటే టీచరు, ఇస్త్రి అంటే భార్య, స్త్రీ అన్న మాటే అలా అయింది. పెద్దవాళ్లను పేరుతో పిలవరు, ఆడవాళ్లను ఇబు, మగవాళ్లను బపక్ అంటారు. ఇంట్లో వాళ్లు మాట్లాడుకునే జావా భాషలో మన నువ్వు, మీరు లాగా పెద్దలకో మాట, తోటివాళ్లకో మాట ఉంటాయి. ఆ మర్యాద మీకు పుట్టుకతో వచ్చిందే. ఏదైనా ఇచ్చేటప్పుడు కుడిచేత్తో ఇవ్వండి. రోజుకు పది మాటల చొప్పున ఇప్పుడు మొదలుపెడితే జూన్ నాటికి వెయ్యి మాటలవుతాయి, మైనం వేడి ఎక్కువైందో తక్కువైందో అడగడానికి అందులో సగం చాలు. ముందుగా ‘పనస్’ నేర్చుకోండి, వేడి అని అర్థం.